నీళ్లు రాని కుళాయిలో చప్పుడు

మబ్బు కమ్మి మధ్యాహ్నమే దీపం వేసుకోవలసి వచ్చిన రోజున, సైకిళ్ల షాపు మీది గదికి ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, మూలనున్న చేతులు కడుక్కునే కుళాయి వంక చూసింది.

"ముందు దాని నోరు కట్టండమ్మా. తరవాత వస్తాను," అంది.

మేనల్లుడికి నవ్వొచ్చింది గాని, ఆమె మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. లేచి, తన చేతిరుమాలు తీసి కుళాయి మూతికి కట్టాడు. అప్పుడు ఆమె లోపలికి వచ్చి, చంకలోని గుడ్డసంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ గది ప్రైవేటు పరిశోధకురాలు ఆరాగారిది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది గాని, అది ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. పాతికేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊళ్లోవాళ్ల గొంతులు కలిపీ విడదీసీ, ఎక్స్‌ఛేంజి మూతపడ్డాక నలుగురి కష్టాల గురించి ఆరా తీసిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్నారు. మేనల్లుడు ఆమె తమ్ముడి కొడుకు. ముప్పై దాటినవాడు, ఫోటో స్టూడియో పెట్టి చేతులు కాల్చుకుని అత్తయ్య దగ్గర చేరాడు. అత్తయ్య తుమ్మినా అందులో ఏదో యుక్తి ఉండి ఉంటుందని నమ్మే రకం. అందుకే ఊరంతా అతన్ని మేనల్లుడనే పిలిచేది.

"మా ఆయన్ని తాళంచెవి అంటారమ్మా," అంది వచ్చినామె. "నీళ్లు వదులుతాడు."

ఆ మాట చాలు, ఇద్దరికీ మనిషి తెలిసిపోయాడు. భుజాన ఇంత పొడుగు ఇనప తాళంచెవి వేసుకుని వీధివీధీ తిరుగుతూ, రోడ్డులోని మూత ఎత్తి, వాల్వు తిప్పి నీళ్లు వదిలే మనిషి అతను. ఊరందరికీ అతని కేకతోనే తెల్లవారేది.

ఆమె చెప్పిన సంగతి ఇది. మిల్లు వీధిలో ఈ మధ్య ఇంటికొకరు చొప్పున జబ్బు పడ్డారు. ఒక చిన్నపిల్ల చనిపోయింది. నీళ్లే కారణమని జనం గోల పెడితే, నీళ్లు మంచివేనని నీళ్ల సూపరింటెండెంటుగారు తేల్చి చెప్పారు. తప్పేమైనా ఉంటే వదిలేవాడి అజాగ్రత్తేనన్నారు. మొన్న, మిల్లు వీధిలో కొత్త రోడ్డు వేసిన రోజున, తాళంచెవి తెల్లవారుజామునే ఇంట్లోంచి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నిన్న పొద్దున అతని చెప్పులు మంచినీళ్ల చెరువు గట్టు మీద కనిపించాయి. చీకటి పడేదాకా ఈతగాళ్లు వెతికినా శవం దొరకలేదు.

"నిన్న సాయంత్రం నించి మిల్లు వీధి కుళాయిల్లో చప్పుడమ్మా. నీళ్లు రావు, చప్పుడొస్తుంది. ఠంగు... ఠంగు... అని. నేను వెళ్లి విన్నాను." ఆమె ఒళ్లోని సంచిని దగ్గరికి హత్తుకుంది. "పిల్లని చంపినవాడు నీళ్లలో పడి చచ్చి, గొట్టాల్లో తిరుగుతూ వీధిని పట్టి పీడిస్తున్నాడంటున్నారు. ఆయన్ని ఎలాగూ తెచ్చివ్వలేరు. ఆ మచ్చ తీసెయ్యండి చాలు. నా కూతురు ఈ ఊళ్లో తలెత్తుకు తిరగాలి కదా."

ఆరాగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. తరవాత సంచిలో ఏముందని అడిగారు. ఆమె పాత తోలు చెప్పులు తీసి బల్ల మీద పెట్టింది. పోలీసులు చూసి ఇచ్చేశారట.

ఆరాగారు వాటిని దీపం కిందికి జరిపారు. మేనల్లుడూ తొంగి చూశాడు. అడుగున పెద్దగా ఏమీ లేదు, ఎండిన మట్టి. పైన మాత్రం, పాదం ఆనే చోట, మడమ నొక్కుకుపోయిన గుంటలో సైతం, ఆవగింజలంత నల్లటి చుక్కలు చిలకరించినట్టు ఉన్నాయి. గోటితో గీకితే జిగురుగా సాగాయి.

"తారు," అన్నాడు మేనల్లుడు. "రోడ్డు పని దగ్గర తిరిగాడు కదా, అంటి ఉంటుంది."

"అంటి ఉంటుంది," అన్నారు ఆరాగారు. ఆమె అలా ఒప్పుకున్నారంటే ఒప్పుకోలేదని అర్థం. మేనల్లుడికి ఆ సంగతి తెలుసు గాని, ఎందుకు ఒప్పుకోలేదో తెలియలేదు.

మునిసిపాలిటీలో ఎవరి పని వాళ్లు చేసుకుపోతున్నారు, అందులో వంక పెట్టడానికి లేదు. మిల్లు వీధిలో దెయ్యం ఉందని ఫిర్యాదు రాగానే ఆరోగ్య శాఖ మనిషిని పంపి కుళాయిల చుట్టూ బ్లీచింగు చల్లించింది. దీపాల శాఖ వీధి మొగలో ఇంకో పెద్ద దీపం పెట్టించింది. తోటల శాఖ, ఎందుకైనా మంచిదని, చెట్ల కొమ్మలు కొట్టించింది. చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందని అడిగే శాఖ మాత్రం ఆ మేడలో ఏదీ లేదు.

రోడ్ల ఇంజనీరు కుర్రవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. "మా రోడ్డుకేమండీ, అద్దంలా ఉంది," అన్నాడు.

"నాయనా, రోడ్డులో ఉన్న వాల్వు గుంటల మూతల్ని ఏం చేస్తారు?" అని అడిగారు ఆరాగారు.

"దానికో పద్ధతుందండీ. నీళ్ల శాఖవాళ్లు ముందుగా వచ్చి సున్నంతో గుర్తు పెడతారు. మూత చుట్టూ సున్న గీస్తే, దాన్ని ఎత్తి కొత్త రోడ్డు మట్టానికి తెస్తాం. ఇంటూ కొడితే ఆ గుంట పనికిరాదని లెక్క, మీద పోసేస్తాం."

"మిల్లు వీధిలో?"

"అన్నీ సున్నలేనండీ. ఒక్కటి ఇంటూ."

"అది కొట్టిందెవరు?"

"నీళ్ల శాఖవాళ్లే. మాకు కావలసింది గుర్తు, మనిషి కాదు కదండీ," అన్నాడు ఇంజనీరు, తన మాటకు తనే సంతోషపడి.

"ఎక్కడుంది ఆ గుంట?"

"అది తెలీదండీ, చివరిదాకా నేను లేను. ముందు పల్చటి తారు పిచికారీ కొడతారు. గాలికి ఆ తుంపర లేచి నా కొత్త చొక్కా అంతా చుక్కలే చుక్కలు. మార్చుకుందామని ఇంటికెళ్లాను. రోలరూ కూలీలూ సాయంత్రానికే వేరే ఊరు పనికి వెళ్లిపోయారు."

నీళ్ల సూపరింటెండెంటుగారి గది వరండా చివర. తల నెరిసిన పెద్దమనిషి, ఎవరినీ నువ్వని ఎరగరు. వచ్చే నెలలో రిటైరవుతున్నారు. టీ తెప్పించి, తాళంచెవి సంగతి ఎత్తగానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నా చేతికింద పెరిగినవాడమ్మా. పిల్ల చనిపోయిందని కుమిలిపోయాడు. మనసు చంపుకోలేక ఇంత పని చేశాడు."

"మరి ఆ చప్పుడు?"

"గొట్టంలో గాలి. అదే సర్దుకుంటుంది."

"మిల్లు వీధికి నీళ్లు ఆపించారట?"

"శవం పడి ఉన్న చెరువు నీళ్లు ఎలా వదలమంటారమ్మా? నా ప్రాణం ఒప్పదు." ఆయన టీ గ్లాసు ముట్టకుండా పక్కకు జరిపారు. మేనల్లుడికి జాలేసింది.

"మీరొకసారి మిల్లు వీధికొచ్చి విన్నారా?"

"లేదమ్మా," అన్నారాయన, కిటికీ వైపు తిరిగి. "నేను వినలేను."

మంచినీళ్ల చెరువు ఊరి చివర. చుట్టూ నిలువెత్తు గోడ, రేకు తాపడం చేసిన గేటు. నీళ్లు కదలకుండా మబ్బు రంగులో పడి ఉన్నాయి. ఎంతసేపు చూసినా అందులో ఒక్క అల లేవలేదు. అక్కడి కాపలాదారు కుంటికాలి ముసలివాడు. గేటు పక్క పాకే అతని ఇల్లు.

"నిన్న పొద్దున సూపరింటెండెంటుగారు చెరువు చూడ్డానికొచ్చారమ్మా. నేనే గేటు తాళం తీశాను. ఇద్దరం గట్టెక్కాం. చెప్పులు! చూడగానే నా గుండె జారిపోయింది."

"చెప్పులు చూడగానే పడిపోయాడని ఎలా అనుకున్నావు తాతా? మర్చిపోయి ఉండొచ్చుగా?"

ముసలివాడు ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "మా నీళ్లవాళ్ల పద్ధతి తెలీదా తల్లీ? మూత ఎత్తి గుంటలో దిగాలంటే చెప్పులు మూత పక్కన విడిచి దిగుతాం. మా తాతల నాటి నించీ అంతే. చెప్పులు పైనుంటే మనిషి కిందున్నాడని గుర్తు. వాటిని చూస్తే ఎవడూ మూత మూయడు, నీళ్లు వదలడు. వాడు గట్టున చెప్పులు విడిచాడంటే... ఇంకేముంది, నీళ్లలోకి దిగాడనేగా."

ఆరాగారు గేటు దగ్గరికి వెళ్లి తాళం చూశారు. అది బయటివైపు గొళ్లేనికి వేలాడుతోంది. గేటు మూసి, లోపలివైపు నించి చెయ్యి పెట్టి చూడమని మేనల్లుడికి చెప్పారు. రేకు అడ్డు, వేలు కూడా దూరలేదు.

"తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉంటాయి తాతా?"

"నా దగ్గరొకటి, వాడి దగ్గరొకటి, మా పెద్దాయన, అదే సూపరింటెండెంటుగారి దగ్గరొకటి."

తిరిగి వచ్చేటప్పుడు మేనల్లుడికి దాహమేసింది. మిల్లు వీధికి పక్కనే ఉన్న బజారులో, వీధి కుళాయి ధారగా పోతుంటే దోసిలి పట్టి కడుపునిండా తాగాడు. తాగాక గుర్తొచ్చి, కడుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"అత్తయ్యా! శవం ఉన్న చెరువు నీళ్లు!"

"ఏం కాదులేరా," అన్నారు ఆరాగారు. ఆమె అప్పటికే పెద్ద పెద్ద అంగలు వేస్తూ మిల్లు వీధిలోకి తిరిగారు. అంత వేగంగా నడవడం మేనల్లుడు ఎన్నడూ చూడలేదు.

కొత్త రోడ్డు నల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా పరుచుకుని ఉంది. దాని మీద నడిచేవాళ్లు లేరు. ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. వాకిట్లో ఉన్న ప్రతి కుళాయికీ మూతికి గుడ్డ కట్టి ఉంది. ఎర్రవీ, తెల్లవీ, పూలవీ, పసిపిల్లల చొక్కాలు చింపినవీ. మాట్లాడవద్దని మనుషులకు నోళ్లు కట్టినట్టే ఉంది గాని, కుళాయిల్లా లేవు. మేనల్లుడు అత్తయ్యకు ఇంకాస్త దగ్గరగా నడిచాడు.

ఆరాగారు ఇల్లిల్లూ తలుపు తట్టి, కుళాయి గుడ్డ విప్పించి, ఇనప గొట్టానికి చెవి ఆనించి విన్నారు. వీధి మొదట్లో చప్పుడు సన్నగా ఉంది. లోపలికి పోయేకొద్దీ పెరిగింది. కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి వచ్చేసరికి వంటగదిలో నిలబడి వినగలిగారు. పిండిమర దాటాక మళ్లీ తగ్గిపోయింది. ఆరాగారు వెనక్కి వచ్చి కుట్టుపని ఆవిడ వంటగదిలోనే నిలబడ్డారు.

చిన్న గది, పొద్దు ఉండగానే చీకటి. ఠంగు. కాసేపు ఏమీ లేదు. ఠంగు. అలిసిపోయినవాడు తలుపు కొట్టినట్టుంది.

"దానికి బదులివ్వకండమ్మా," అంది ఇంటావిడ, గుమ్మం అవతలి నించే. "బదులిస్తే ఇంట్లోకొస్తుందంటున్నారు. మేం ఎవరం నోరెత్తలేదు."

"అదేనమ్మా మీరు చేసిన పొరపాటు," అన్నారు ఆరాగారు. గట్టు మీది ఇనప గరిటె తీసుకుని, గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టారు.

చప్పుడు ఆగిపోయింది. కుళాయి మూతి నల్లగా, తడి లేకుండా, వాళ్ల వంకే తెరుచుకుని ఉంది. చాలాసేపటికి లోపల ఎక్కడో ఏదో రాసుకున్నట్టయింది.

ఠంగు. ఠంగు. ఠంగు.

ఇంటావిడ కెవ్వుమంది. ఆరాగారు మాత్రం ఈసారి రెండు కొట్టారు. రెండే తిరిగొచ్చాయి.

"దెయ్యానికి గొట్టంతో పనేముందిరా, గోడలోంచే వస్తుంది," అన్నారామె. మాట తేలిగ్గా అన్నారు గాని, గరిటె మాత్రం కింద పెట్టలేదు. "బతికే ఉన్నాడు. పరుగెత్తు. ఛైర్మన్‌గారిని, ఇంజనీరుని, పెద్దాయన్ని, గునపాలతో పనివాళ్లని, డాక్టరుని తీసుకురా. తాళంచెవి వాళ్లావిడని కూడా. పంచె జారినా ఆగకు."

మేనల్లుడు పరుగెత్తాడు. తన జన్మలో అంత పరుగు ఎప్పుడూ పెట్టలేదు.

పొద్దు ఇంకా వాలలేదు గాని మబ్బు వల్ల వీధి సందెవేళలా ఉంది. మునిసిపాలిటీ యావత్తూ కొత్త రోడ్డు మీద నిలబడింది, వెనకే పోలీసులూ వచ్చారు. ఛైర్మన్‌గారు నిద్రలోంచి లేచి వచ్చినట్టున్నారు. కాపలాదారు ముసలాయన్ని ఎవరో సైకిలు మీద ఎక్కించుకొచ్చారు. తాళంచెవి భార్య ఒక్కతీ పక్కకు నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ముట్టుకోవడం లేదు, ఆమె నీడ కూడా ఎవరి మీదా పడకుండా జరుగుతున్నారు.

"తాళంచెవి చెరువులో పడలేదు. ఈ రోడ్డు కింద ఉన్నాడు. ప్రాణంతో ఉన్నాడు," అన్నారు ఆరాగారు. "కుట్టుపని ఆవిడ ఇంటికీ పిండిమరకీ మధ్య తవ్వండి."

భార్య రోడ్డు మీదే కూలబడి, రెండు అరచేతులూ తారుకు ఆనించింది.

"కొత్త రోడ్డు మూడు నెలల దాకా కొట్టకూడదండీ," అన్నాడు రోడ్ల ఇంజనీరు అలవాటు కొద్దీ. "నాలుగు శాఖల సంతకాలు..." అని, తను ఏమంటున్నాడో అప్పుడే చెవిన పడ్డట్టు ఆగిపోయాడు. పక్కవాడి చేతిలో గునపం లాక్కుని, ఇస్త్రీ చొక్కాతోనే తారు మీద మొదటి పోటు తనే పొడిచాడు. మిగతావాళ్లూ మొదలుపెట్టారు. తారు ఇంకా పచ్చిగానే ఉంది, గునపానికి అతుక్కుని ఊడి రావడం లేదు.

"ఈ రెండిళ్ల మధ్య జాగా ఎంతుందో చూస్తున్నారుగా," అన్నారు ఆరాగారు, గునపాల చప్పుడు మీదుగా. "అంతా తవ్వాలంటే చీకటి పడుతుంది. లోపలి మనిషి అందాకా ఆగుతాడో లేదో నేను చెప్పలేను. గుంట ఎక్కడుందో కచ్చితంగా తెలిసినవారు ఇక్కడ ఒకరున్నారు. వారు చెబితే క్షణాల్లో పని."

గునపాలు పడుతూనే ఉన్నాయి.

"సరే, నేనే చెబుతాను. ఈ చెప్పులు చూడండి. తారు తుంపర పైన పడింది, పాదం ఆనే చోట. కాళ్లకు తొడుక్కుని ఉంటే అక్కడ ఎలా పడుతుంది? అంటే, ఇక్కడ పిచికారీ కొడుతున్నప్పుడు ఇవి రోడ్డు పక్కన ఖాళీగా ఉన్నాయి. తాతా, చెప్పులు పైనుంటే?"

"మనిషి కిందున్నట్టు," అన్నాడు ముసలివాడు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ గుర్తు రోడ్లవాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు మీ నీళ్ల శాఖవాళ్లే. వాళ్లలోనే ఒకరు వాటిని తీసుకెళ్లి చెరువు గట్టున పెట్టారు. చెప్పులు చూడగానే నీళ్లలోకి దిగాడని మీ వాళ్లంతా నమ్ముతారని వారికి బాగా తెలుసు. కాని గేటుకు తాళం బయట వేసి ఉంది. చావడానికి లోపలికి వెళ్లినవాడు వెనక్కొచ్చి బయట తాళం ఎలా వేస్తాడు? వేరే తాళంచెవి ఉన్నవారు వేశారు. ఉన్నది ఇద్దరి దగ్గర. తాత పెట్టి ఉంటే, తాళం తానే తీశానని నాతో చెప్పడు. తీసి ఉందని చెప్పేవాడు, అదే కదా తేలిక."

గునపాలు ఒక్కొక్కటే నెమ్మదించాయి. తల నెరిసిన పెద్దమనిషి వైపు అందరూ చూశారు. ఆయన ఎవరి వంకా చూడలేదు.

"ఇంకొకటి ఉంది," అన్నారు ఆరాగారు. ఈసారి గొంతు తగ్గింది. "శవం ఉన్న చెరువు నీళ్లని ఈ వీధికి ఆపించారు. పక్క బజారుకు అదే చెరువు నీళ్లు ఇవాళ కూడా వచ్చాయి, మా వాడు తాగాడు. మరి ఈ ఒక్క వీధికే ఎందుకు ఆపారు? ఇంతమందికి జబ్బు చేసిందంటే ఇక్కడి గొట్టం చిట్లి ఉంటుంది, నీళ్లు వదిలితే గుంట నిండుతుంది గనక. చంపాలనుకున్నవాడు ఆ పని చేసేవాడు. మీరు మూత తీయనూ లేకపోయారు, నీళ్లు వదలనూ లేకపోయారు. అవునా, పెద్దాయనా?"

అప్పుడు పక్క ఇంటి వాకిట్లో, గుడ్డ కట్టిన కుళాయిలో, చప్పుడు వినపడింది. ఒక్కటే. మునుపటంత గట్టిగా లేదు.

సూపరింటెండెంటుగారు నడిచి వచ్చారు. పిండిమర గోడకు ఎదురుగా, ఎవరూ తవ్వని చోట ఆగి, కాలి బొటనవేలితో రోడ్డు మీద ఒక గీత గీశారు.

"ఇక్కడ," అన్నారు.

అందరూ అక్కడికి ఉరికారు. ఆయన పక్కన నిలబడి, ఎవరూ అడగకుండానే చెప్పుకుపోయారు.

"మొన్న పొద్దున వాడు కిందికి దిగి, 'సార్, ఇదిగో, మురుగు గొట్టం పగిలి మన నీళ్లలోకే దిగుతోంది' అని కేకేశాడు. నీళ్లు మంచివేనని నేను రాసిచ్చాను. పరీక్ష చేయించకుండానే రాశాను. పిల్ల పోయింది. 'అందర్నీ పిలిచి చూపిద్దాం సార్' అంటూ మెట్లెక్కుతున్నాడు. మూత మీద చెయ్యి వేశాను. ఒక్క నిమిషం ఆలోచించుకోవాలి, ఒక్క నిమిషం అడ్డు పెడదామనుకున్నాను. అది పడిపోయింది. లోపల వాడు పడ్డ చప్పుడైంది, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. పోయాడనుకున్నాను. అవతల తారువాళ్లు వచ్చేస్తున్నారు. సున్నం డబ్బా అక్కడే ఉంది..." ఆయన మాట తెగిపోయింది. "నిన్న సాయంత్రం చప్పుడు మొదలైందని చెప్పారు. అప్పటికి చాలా దూరం వచ్చేశాననిపించింది."

"తెలివి తప్పినవాడు నిన్న సాయంత్రం లేచాడన్నమాట," అన్నారు ఆరాగారు మేనల్లుడితో. "మీరు దాచాలనుకున్న ఆ మురుగు గొట్టం కంతలోంచే వాడికి గాలి ఆడింది" అని ఆయనతో అనబోయి, ఆ మొహం చూసి మానేశారు.

మూత బయటపడింది. కొక్కేలు వేసి నలుగురు కలిసి లాగితే, ముందు మురుగు కంపు, తరవాత చీకటి పైకొచ్చాయి. పాతకాలపు ఇటుక గుంట, గది అంత ఉంది. మేనల్లుడూ ఇంజనీరూ తాళ్లు పట్టుకుని దిగారు. అడుగున, గొట్టానికి ఆనుకుని, ఒళ్లో పొడుగాటి ఇనప తాళంచెవి పెట్టుకుని మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక కాలు వాచి పక్కకు తిరిగిపోయింది. పెదవులు పగిలి ఉన్నాయి. దీపం మొహాన పడగానే కళ్లు మూసుకున్నాడు.

పైకి చేర్చి రోడ్డు మీద పడుకోబెట్టారు. భార్య అతని తల ఒళ్లోకి తీసుకుని, ఏడుస్తూ తిడుతూ, కొంగుతో మొహం తుడిచింది. డాక్టరు చెంచాతో నీళ్లు పోశాడు. చుట్టూ తలుపులు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. నిన్నటి నించీ ఆ చప్పుడుకు చెవులు మూసుకున్నవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు, దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదు.

తాళంచెవి కళ్లు తెరిచి అందరినీ వరసగా చూశాడు. సూపరింటెండెంటుగారు కనబడగానే లేవబోయాడు.

"నీళ్లు వదల్లేదు కదా సార్ ఈ వీధికి? అది మురుగు సార్. పిల్లలు తాగుతారు."

"వదల్లేదు," అన్నారాయన. ఆ మాట పక్కవాళ్లకు కూడా సరిగ్గా వినపడలేదు.

"నాకు తెలుసు సార్." అతను తృప్తిగా తల వెనక్కి వాల్చాడు. "మూత జారి పడింది, కాలు విరిగింది, అంతా చీకటి. అయినా భయపడలేదు. సార్ పైన ఉన్నారు, నేను కిందున్నానని ఆయనకు తెలుసు, ఎలాగైనా తీయిస్తారు అనుకుంటూ కొడుతూనే ఉన్నాను. తీయించారు. మీ రుణం ఎలా తీర్చుకోను సార్?"

సూపరింటెండెంటుగారు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, తవ్విన తారు పెళ్లల మధ్య కూర్చుండిపోయారు. పోలీసులు ఆయన భుజం మీద చెయ్యి వెయ్యడానికి వెనకాడారు. ఆయనకు ఏమైందోనని తాళంచెవి కంగారుగా అడుగుతున్నాడు. భార్య ఆరాగారి వంక చూసింది. వీధంతా ఆమె వంకే చూసింది.

అంతమందికి అంతా విడమరిచి చెప్పిన ఆరాగారు, ఆ ఒక్క మనిషికి మాత్రం ఏమీ చెప్పలేకపోయారు.